అటక గదికి అసలు ధర ఎత్తులోనే ఉంది

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. వీధివైపు పది పన్నెండు అడుగులు కనిపించే ఇల్లు లోపలికి వెళ్తే అరవై డెబ్బై అడుగులు ఉంటుంది. రెండు పక్కలా గోడలు ఇరుగుపొరుగు వాళ్ళతో ఉమ్మడి. నేత కుటుంబాలైతే ముందుగదిలో మగ్గం, మధ్యగదిలో సంసారం, వెనక వంటిల్లు, పెరడు. పిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళై, ఇంకో గది కావాల్సి వచ్చినప్పుడు ముందుగా కళ్ళు వెళ్ళేది పైకే. పెంకుల కింద అటక ఖాళీగా ఉంది కదా, నాలుగు చెక్కలు పరిచి మెట్లు పెడితే గది అయిపోదా అనిపిస్తుంది. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు పాత పెంకుటిళ్ళలోనూ ఇదే ఆలోచన.

మేస్త్రీని పిలిస్తే అతను చెప్పేది స్క్వేర్ ఫీట్ రేటు. స్లాబు ఇంటికి ఆ కొలత సరిపోతుంది. అటకకి సరిపోదు. వాలు కప్పు కింద నేల కొలత ఒకటి, మనిషి నిలబడగలిగే చోటు ఇంకొకటి. డబ్బు మొదటిదానికి కడతాం, వాడుకునేది రెండోదాన్ని.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇందులో రేట్లు లెక్క తీరు చూపించడానికి అనుకున్నవి మాత్రమే. ఎవరి ఊళ్ళో కొటేషన్ వాళ్ళు పెట్టుకుని మళ్ళీ వేసుకోవాలి. గోడల మధ్య వెడల్పు 12 అడుగులు, పొడవు 20 అడుగులు. అంటే అటక నేల 240 చదరపు అడుగులు. అటక నేల నుంచి కొప్పు దాకా, అంటే రెండు వాలులూ పైన కలిసే చోటి దాకా ఎత్తు 9 అడుగులు, చూరు వైపు గోడ దగ్గర 4 అడుగులు. పాత ఇళ్ళలో ఇది మంచి ఎత్తు కిందే లెక్క. అయినా కొప్పు కింది నుంచి ఇటూ అటూ జరిగితే కప్పు అడుగుకి పది అంగుళాల చొప్పున దిగిపోతుంది. 6 అడుగుల ఎత్తైనా దొరికేది మధ్యలో 7 అడుగుల పైచిలుకు వెడల్పులోనే. అంటే 240లో నిలబడి తిరగ్గలిగేది సుమారు 144. తల పైన ఇంకో అడుగు ఖాళీ ఉండాలనుకుంటే 96. మెట్లు పైకి వచ్చే కంత కూడా ఈ ఎత్తైన మధ్యభాగంలోనే పెట్టాలి, లేకపోతే ఆఖరి మెట్టు మీద తల కొట్టుకుంటుంది. ఆ కంతకి 27 చదరపు అడుగులు పోతే మిగిలేది 117.

ఇక ఖర్చు. 12 అడుగుల దూరానికి 150 మిల్లీమీటర్ల ఐ బీములు నాలుగడుగులకొకటి, వాటి మీద చదరపు గొట్టాలు, ప్లేట్లు కలిపి 550 కిలోల ఇనుము. తయారీ, ఎత్తి బిగించే కూలీతో కిలో 120 రూపాయలనుకుంటే 66 వేలు. పైన పరిచే సిమెంట్ ఫైబర్ బోర్డుకి దాదాపు 23 వేలు. బీములు కూర్చునే చోట గోడలో కాంక్రీటు దిమ్మలు, చుట్టుపక్కల గోడ మరమ్మతు 22 వేలు. ఇనుప మెట్లు 38 వేలు. వాలు కొలతలో కప్పు 380 చదరపు అడుగులు వస్తుంది. కప్పుని మోసే ఇనుప అడ్డకమ్మీలు (పర్లిన్లు), రెండు రేకుల మధ్య నురుగు నింపిన 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ కలిపి అడుగుకి 230 చొప్పున 87 వేల పైన. రెండు కిటికీలు 20 వేలు, కరెంటు పని 15 వేలు, నేల మీద ఫ్లోరింగ్, రంగులు 25 వేలు, పాత పెంకు, కర్ర దించి మోయడానికి 12 వేలు. మొత్తం 3 లక్షల 8 వేలు. పాత ఇంటిని విప్పితే ఏం బయటపడుతుందో తెలియదు కాబట్టి 15 శాతం చేతిలో పెట్టుకోవాలి. 3 లక్షల 54 వేలు.

దీన్ని 240తో భాగిస్తే అడుగుకి 1,475 వస్తుంది. చవకగానే ఉంది. 117తో భాగిస్తే 3,000 దాటుతుంది. అదే అసలు రేటు.

ఇప్పుడు అదే ఇంట్లో చుట్టూ గోడని రెండున్నర అడుగులు లేపి, దాని మీద కప్పు వేశామనుకుందాం. పెరిగే గోడ 160 చదరపు అడుగులు. ఇటుక పని 28 వేలు, రెండు వైపులా ప్లాస్టరింగ్ 15 వేలు, పైన చుట్టూ కాంక్రీటు బ్యాండు 15 వేలు. చేతిలో పెట్టుకునే 15 శాతం కూడా కలిపితే అదనపు ఖర్చు సుమారు 67 వేలు, మొత్తం 4 లక్షల 21 వేలు. కానీ చూరు దగ్గర కూడా ఆరున్నర అడుగులు వచ్చింది. మెట్ల కంత తీసేస్తే 213 చదరపు అడుగులు పూర్తిగా వాడకానికి దొరికాయి. అడుగుకి 1,980 లోపే. ఖర్చు అయిదో వంతు పెరిగింది, అసలు రేటు మూడో వంతు తగ్గింది. అటక పనిలో జనం మొదట కోత పెట్టేది ఈ గోడకే. డబ్బు మిగులుతుందనే కాదు, గోడ లేపే పని తప్పుతుందని. చివరికి పిల్లవాడు వంగి నడిచే గది, రెండేళ్ళకి మళ్ళీ ట్రంకు పెట్టెలు చేరే గది తయారవుతుంది.

జాతీయ భవన నియమావళి చెప్పేది కూడా ఈ ఎత్తు సంగతే. నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలి. వాలు కప్పైతే సగటు ఎత్తు అంత ఉండాలి. మొదటి లెక్కలో సగటు ఆరున్నర అడుగులు, అంటే 2 మీటర్లు కూడా లేదు. రెండో లెక్కలో 9 అడుగులు, ఇంచుమించు సరిపోతుంది. అదే నియమావళిలో లాఫ్ట్ అంటే సామాన్లు దాచుకునే చోటు, ఎత్తు మీటరున్నరకి మించనిది. మనుషులుండే గది అని అది ఎక్కడా చెప్పదు. ఇంట్లో ఎత్తైన హాలు ఉంటే అందులో కొంత మేర మధ్య అంతస్తు వేసుకునే మెజనైన్ పద్ధతి వేరు. దానికి కిందా పైనా 2.2 మీటర్లు ఉండాలి, విస్తీర్ణం కింది అంతస్తులో మూడో వంతు దాటకూడదు.

అటక కొత్తగా వెయ్యక్కర్లేదు, పాతదే ఉంది అనేవాళ్ళ సంగతి ఇంకాస్త నిదానంగా చూడాలి. ఈ ప్రాంతంలో పాత మట్టి అటకలు చాలా ఉన్నాయి. తాటి దూలాలో సాల కర్రలో అడ్డంగా వేసి, మీద వెదురు పరిచి, నాలుగంగుళాల మందాన మట్టి మెత్తేవారు. పైన గడ్డి కప్పు అంటుకున్నా నిప్పు గదిలో పడకుండా ఈ మట్టి ఆపేది. ఎండాకాలం చల్లదనం కూడా దానిదే. తర్వాత గడ్డి పోయి పెంకు వచ్చింది, అటక మిగిలింది.

నాలుగంగుళాల ఎండు మట్టి చదరపు మీటరుకి 160 నుంచి 180 కిలోలు తూగుతుంది. నివాస గది నేల మీద మనుషులు, మంచాలు, బీరువాల కోసం ఇంజనీరు లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. రెండూ దగ్గరదగ్గరే. అందుకే మేస్త్రీలు తరచూ అనే మాట: ఇన్నేళ్ళు ఇంత మట్టి మోసింది, నలుగురు మనుషుల్ని మొయ్యదా? మట్టి పూర్తిగా తీసేస్తే ఆ మాటలో కొంత నిజం ఉంది. మట్టి ఉంచి దాని మీద టైల్స్ వేసి మంచం పెడితే మాత్రం దూలం మీద బరువు రెట్టింపు. పైగా మట్టి కదలని బరువు, మనుషులు కదిలే బరువు. కదిలే బరువుకి దూలం ఊగుతుంది, కింద గది సున్నం పెచ్చులు రాలతాయి.

దూలం నడుము గట్టిగా కనిపించినా నమ్మడానికి లేదు. పాడయ్యేది గోడలో దూరిన చివరే. వర్షాకాలం గోడ పీల్చిన తేమ ఆ జానెడు కర్రలోనే నిలుస్తుంది, చెదలు అక్కడే మొదలవుతాయి. చూసే పద్ధతి కష్టమేమీ కాదు. దూలం గోడలోకి వెళ్ళే చోట ఒక ఇటుక ఊడదీసి, స్క్రూడ్రైవర్ గుచ్చి చూడాలి. గట్టి కర్రైతే అర అంగుళం కూడా దిగదు. మెత్తగా రెండంగుళాలు దిగిందంటే ఆ దూలం మీద గది కట్టకూడదు. అరపూట పని. దీనికి ముందు ఇచ్చే ఎస్టిమేట్ ఏదైనా ఊహే.

ఇంకో ప్రమాదం అడ్డదూలం. వాలు కప్పులో రెండు వైపుల వాసాలు తమ బరువుతో గోడల్ని బయటికి నెడుతూ ఉంటాయి. రెండు గోడల్నీ కలిపి పట్టుకుని ఆ నెట్టుడుని ఆపేది అడ్డదూలమే. అటకలో నడవబోతే సరిగ్గా అదే నడుముకో ఛాతీకో అడ్డొస్తుంది. దాన్ని కోసేసి, కొప్పుని మోసే నిట్రాడు తీసేస్తే గది విశాలంగా కనిపిస్తుంది. ఆ రోజే ఏమీ కాదు. ఒకటి రెండు వానాకాలాలు గడిచాక గోడ పైభాగం బయటికి వాలి, కొప్పు పెంకుల దగ్గర సందు పడి, నీళ్ళు కారడం మొదలవుతుంది. పెంకు సర్దితే సరిపోతుందనుకుని ఏటా సర్దిస్తూనే ఉంటారు. కొత్త నేల బీముల్ని గోడలకి గట్టిగా కట్టి, వాసాల కాళ్ళని వాటికే బిగిస్తేనే పాత అడ్డదూలం జోలికి వెళ్ళాలి. అది స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాల్సిన పని. అతని ఫీజు మొత్తం ఖర్చులో చిన్న భాగం. అయినా ఎస్టిమేట్‌లో అందరూ కొట్టేసే లైను అదే.

గోడలు మట్టి అడుసుతో కట్టినవైతే ఇప్పటిదాకా వేసిన లెక్కంతా మారుతుంది. వాటి మీద అదనంగా గోడ లేపడం గానీ, బీము ఆనించడం గానీ మంచిది కాదు. లోపల గోడల పక్కనే ఇనుప స్తంభాలు, వాటికి పునాది దిమ్మలు వేసి, నేల బరువంతా వాటి మీదే దింపాలి. దానికి ఇంకో లక్ష వేసుకోవడం క్షేమం. అప్పుడు గోడ లేపని మొదటి లెక్కే నాలుగున్నర లక్షలు దాటుతుంది, అటక చవక అన్న మాట అక్కడితో ముగుస్తుంది.

ఉమ్మడి గోడలో బీము గుచ్చడం డబ్బుతో తేలే విషయం కాదు. ఇంటర్నెట్‌లో కనిపించే ఇంగ్లండు అటక గదుల వీడియోలు చూసి చాలామంది ఉత్సాహపడతారు. అక్కడ వరస ఇళ్ళకి 40 ఘనపు మీటర్ల వరకు, మామూలుగా ప్లానింగ్ అనుమతి అడగకుండానే కప్పు పెంచుకోవచ్చు. కానీ ఉమ్మడి గోడ ముట్టుకోవాలంటే 1996 నాటి చట్టం ప్రకారం పొరుగువాళ్ళకి ముందుగా నోటీసు ఇవ్వాలి. మనకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు, మాట మీద నడిచిపోతోంది. మాట తేడా వస్తే పని మధ్యలో కప్పు విప్పిన ఇల్లు ఆకాశానికి తెరుచుకుని ఉంటుంది. పక్కింటి పెద్దాయన దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకోవడం ఈ పని మొత్తంలో ఖర్చు లేని జాగ్రత్త.

కాగితాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ కాలపు తెలుగు దస్తావేజులు ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఇల్లు అనుభవంలో ఉంటుంది, పట్టా మాత్రం తాతగారి పేరు మీదో, అన్నదమ్ముల ఉమ్మడిలోనో ఉండిపోతుంది. కప్పు ఎత్తు పెంచినా, నివాస విస్తీర్ణం పెరిగినా ప్లాన్ అనుమతి కావాలి. బరంపురంలో దానికి డెవలప్‌మెంట్ అథారిటీ, చిన్న ఊళ్ళలో మునిసిపాలిటీ. దరఖాస్తుకి పట్టా మీద పేరున్న వాళ్ళందరి ఒప్పుదల అవసరం. అటక పని అనుకుని మొదలుపెడితే అన్నదమ్ముల పంపకాల దాకా వెళ్ళే సందర్భం ఇదే. బ్యాంకు లోను పెట్టుకునే ఆలోచన ఉంటే ఈ కాగితం ముందే తేలాలి.

మెట్ల విషయంలో ఎస్టిమేట్ పైకి తక్కువే చూపిస్తుంది. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకుండా, పాదం పెట్టే చోటు 25 సెంటీమీటర్లు తగ్గకుండా ఉండాలన్నది నియమం. అటక నేల తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో ఉంటే తిన్నగా వేసిన మెట్లకి కింద 12 అడుగుల పైన పొడవు పోతుంది. వెడల్పు రెండున్నర అడుగులే అనుకున్నా కింది గదిలో 30 చదరపు అడుగులు మాయం. పైన గది సంపాదించడానికి కింద ఇచ్చిన ఈ చోటు ఏ కొటేషన్‌లోనూ కనపడదు. గుండ్రటి ఇనుప మెట్లు పెడితే చోటు కలిసొస్తుంది గానీ పెద్దవాళ్ళు ఎక్కలేరు, మంచం అసలు ఎక్కదు. విడదీసి తీసుకెళ్ళి పైన బిగించుకోవాల్సిందే.

పైన బాత్‌రూమ్ ఆలోచన చాలా ఇళ్ళకి వద్దనే చెప్పాలి. నీళ్ళు దానంతట అవి దిగాలంటే ట్యాంకు అటక కంటే ఎత్తులో ఉండాలి. వాలు కప్పు మీద 500 లీటర్ల ట్యాంకు, అంటే అర టన్ను, పెట్టే చోటేదీ?

కప్పు దగ్గరికి వస్తే ఈ జిల్లాలకి గాలి లెక్క తప్పదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని దెబ్బకొట్టింది. ఇక్కడి తీరానికి గాలి ప్రమాణం సెకనుకి 50 మీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకి 150 కిలోల దాకా ఉంటుంది. అందులో కప్పుని పైకి లాగే వాటా ఇంటి ఆకారాన్ని బట్టి కొంత తగ్గుతుంది, అంచుల దగ్గర పెరుగుతుంది. మంగళూరు పెంకు కప్పు వాసాలతో కలిపి చదరపు మీటరుకి 65 కిలోలు. జీఐ రేకు 5 కిలోలు, పఫ్ ప్యానెల్ 10 కిలోలకి కాస్త పైన. బరువు తగ్గిందని సంతోషపడే రేకు కప్పుని పట్టి ఉంచేది దాని బరువు కాదు, బోల్టులే. పర్లిన్లని గోడ మీది కాంక్రీటు బ్యాండుకి, బ్యాండుని కింది గోడకి ఇనుప కడ్డీలతో కట్టాలి. చూరు బయటికి ఒకటిన్నర అడుగు మించి రాకుండా చూసుకోవాలి, గాలి పట్టుకునేది అక్కడే. ఈ బిగింపులకి అయ్యే ఖర్చు కొద్ది వేలే. కానీ అవి కప్పు వెయ్యకముందే పెట్టాలి, తర్వాత పెట్టలేం.

ఎండ సంగతి ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. పాత పెంకుల సందుల్లోంచి వేడిగాలి తప్పించుకునేది. రేకు వేసి, కింద జిప్సం సీలింగ్ కొట్టి సందులన్నీ మూసేస్తే మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో ఎవరూ ఉండలేరు. పఫ్ ప్యానెల్‌కి పెట్టే అదనపు డబ్బు వృథా కాదనేది ఇందుకే. కొప్పు దగ్గర గాలి పోయే సందు, రెండు చివరలా ఎదురెదురు కిటికీలు ఉంటే ఏసీ అవసరం కొన్ని నెలలకే పరిమితం అవుతుంది. రెండు పక్కలా ఉమ్మడి గోడలున్న ఇళ్ళలో కిటికీ పెట్టగలిగేది వీధివైపు, పెరటివైపు మాత్రమే. అందువల్ల అటక గది ఇంటి మధ్యలో కాకుండా ముందో వెనకో ఒక కొసన వచ్చేలా చూసుకోవాలి.

అద్దె వస్తుంది కదా అని ఇంకో లెక్క. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, విశ్వవిద్యాలయం, 2016లో వచ్చిన సైన్సు విద్యాసంస్థ ఐసర్ ఉన్నాయి. గది కోసం తిరిగే పిల్లలకి కొదవ లేదు. నెలకి 4 వేలు వచ్చిందనుకుందాం, ఏడాదికి 48 వేలు. 4 లక్షల 21 వేల లోను మీద పది శాతం వడ్డీ మొదటి ఏడాది 42 వేలు. అసలు కట్టడానికి మిగిలేది 6 వేలు. పైగా అద్దెవాడు ఇంటి మధ్యలోంచి, వంటింటి పక్కనుంచి మెట్లెక్కి వెళ్ళాలి. అద్దె కోసమైతే అటక పనికిరాదు. ఇంట్లో కొడుకూ కోడలికో, చదువుకునే పిల్లకో అయితే లెక్క వేరు.

పెరట్లో చోటు ఉన్నవాళ్ళు అసలు అటక వైపు చూడకపోవడమే మేలు. అదే 4 లక్షల 21 వేలతో అడుగుకి 2,000 చొప్పున పెరట్లో 210 చదరపు అడుగుల గది లేస్తుంది. విస్తీర్ణం ఇంచుమించు అంతే, కానీ మెట్లు లేవు, పాత గోడల టెన్షన్ లేదు, ముసలివాళ్ళు కూడా వాడుకోవచ్చు. పెరడు పూర్తిగా కట్టేసినవాళ్ళకి, గోడలు సున్నంతోనో సిమెంటుతోనో కట్టినవాళ్ళకి, కొప్పు ఎత్తుగా ఉన్నవాళ్ళకి అటక గది నిజంగా కలిసొస్తుంది. ఈ మూడింట్లో ఒకటి తప్పినా ఖర్చు పెరుగుతూ పోతుంది.

పని పెట్టుకునే నెలలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. కప్పు తెరిచి ఉండేది రెండు మూడు వారాలైనా, వాసాలు దించాక కొత్త చెడుగు బయటపడితే నెల దాటుతుంది. జూన్‌లో వానలు, అక్టోబర్‌లో తుఫాన్లు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చే పనివాళ్ళు సంక్రాంతికి ఊరెళ్ళి నెలాఖరుకి గానీ తిరిగిరారు కాబట్టి ఇనుము కొలతలు, బీముల తయారీ జనవరిలో వర్క్‌షాపులో ముగించుకుని, ఫిబ్రవరి మొదటి వారంలో పెంకు దించితే సరిపోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది గానీ, అటక పనిలో సిమెంట్ వాటా చిన్నది. పెద్ద వాటా ఇనుము, కప్పు, కూలీలదే. దించిన పెంకులో చిట్లని వాటిని విడిగా పేర్చుకుంటే పక్క వీధిలో పెంకుటిల్లు మరమ్మతు చేసుకునేవాళ్ళు కొంటారు. పాత సాల దూలాలకి ఇంకా మంచి ధర ఉంటుంది. కొటేషన్ మాట్లాడేటప్పుడే దించిన కర్ర, పెంకు ఎవరివో రాయించుకోవాలి. రాయకపోతే అవి కాంట్రాక్టరు బండిలోనే వెళ్ళిపోతాయి.